గంట కొట్టే పెద్దాయన పోయాక బెంచీని ఏం చేయాలి, గంటను ఏం చేయాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒహాయోలో ఒక చిన్న ఊరి బేస్‌బాల్ జట్టు, వేసవిలో కాలేజీ కుర్రాళ్ళు ఆడే లీగ్. మూడో బేస్ వైపు అల్యూమినియం బెంచీ మీద ఏళ్ళ తరబడి ఒకే చోట కూర్చుని, ఆవు మెడలో కట్టేలాంటి ఇత్తడి గంట మోగిస్తూ జట్టుకి ఊపు తెచ్చిన పెద్దాయన ఈ చలికాలంలో పోయారు. జట్టుకి అండగా ఉండే అభిమానుల సంఘంలో (బూస్టర్ క్లబ్) పనిచేస్తున్న తెలుగు దంపతులు అడుగుతున్నారు: సీజన్‌కి ఏడు వారాలే ఉంది, డబ్బు కొంచెమే. ఆయన చోటు ఖాళీగా ఉంచాలా? గంట ఇక ఎవరు కొట్టాలి? జెర్సీల మీద ప్యాచ్ వేయించాలా? అస్థికలు మైదానంలో చల్లుతామని వాళ్ళ పిల్లలు అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

ఆటగాడు పోతే చేసే మర్యాదలన్నీ పట్టుకొచ్చి అభిమానికి చేయబోతే అతకవు. జెర్సీ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టడం, భుజం మీద నల్ల పట్టీ, ఇవి మైదానంలో ఆడినవాళ్ళవి. అభిమాని జనం కూర్చునే స్టాండ్స్ మనిషి. ఆయన పేరెత్తితే జనానికి గుర్తొచ్చేవి రెండే: ఎక్కడ కూర్చునేవారు, ఎప్పుడు మోగించేవారు. మీ దగ్గరున్న కాస్త డబ్బూ, ఏడు వారాలూ ఆ రెండింటి మీదే పెట్టండి. మిగతావి కుదిరితే చూసుకోవచ్చు.

దీనికి మీ రాష్ట్రంలోనే మంచి నమూనా ఉంది. క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు అభిమాని జాన్ ఆడమ్స్ 1973 ఆగస్టు 24న, టెక్సస్ రేంజర్స్‌తో ఆటకి, 26 అంగుళాల బేస్ డ్రమ్ మోసుకొచ్చాడు. అప్పటి మునిసిపల్ స్టేడియంలో డెబ్బై వేలకు పైగా పడతారు, వచ్చేవాళ్ళు మాత్రం పల్చగా ఉండేవారు. ఉన్న కొద్దిమందీ చెక్క కుర్చీలు బాదుతూ చప్పుడు చేసేవారు. ఆయన డ్రమ్ ఆ బాదుడికి తోడుగా వచ్చిందే. అప్పటినుంచి 2019 దాకా మూడు వేల ఏడు వందలకు పైగా ఆటల్లో వాయించాడు. ఎడమ వైపు బ్లీచర్స్‌లో, అంటే కప్పులేని బెంచీల్లో, పై వరస ఆయనది. తనకొకటి, డ్రమ్‌కొకటి, రెండు సీజన్ టికెట్లు కొనేవాడు. 1994లో జట్టు కొత్త స్టేడియానికి మారినా డ్రమ్ బ్లీచర్స్‌లోనే ఉంది. 2011 ఏప్రిల్ 27న, ఆయన మూడువేలవ ఆటకి, ఆట మొదలవకముందు గౌరవంగా వేయించే తొలి బంతి ఆయనచేతే వేయించారు.

మీకు పనికొచ్చేది దీని తర్వాతి భాగం. ఆరోగ్యం దెబ్బతిని ఆయన స్టేడియానికి రాలేకపోయిన రోజుల్లో, 2022 ఆగస్టులో, జట్టు ఆయన్ని తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. ఆయన కూర్చునే బెంచీకి డ్రమ్ నమూనాని కంచులో పోతపోయించి బిగిస్తామని ప్రకటించింది. ఆయన 71 ఏళ్ళకి, 2023 జనవరి 30న పోయాడు. అంటే ముఖ్యమైన మర్యాద ఆయన బతికుండగానే అయిపోయింది. పోయాక హడావుడిగా ఆలోచించాల్సిన పని వాళ్ళకి పెద్దగా మిగల్లేదు. మీకు ఆ అవకాశం దాటిపోయింది. కానీ మీ స్టాండ్స్‌లో ఇలాంటి మరో పెద్దావిడో పెద్దాయనో ఉండే ఉంటారు. ఈ ఏడే వాళ్ళచేత ఒక ఆటకి తొలి బంతి వేయించండి. పైసా ఖర్చు లేదు.

దీనికి పూర్తిగా ఎదురు నమూనా న్యూయార్క్ బ్రుక్లిన్‌లో హిల్డా చెస్టర్ అనే అభిమాని. 1930ల్లో గుండెపోటు వచ్చాక డాక్టర్ అరవొద్దన్నాడని, అక్కడి డాడ్జర్స్ జట్టు స్టేడియం ఎబ్బెట్స్ ఫీల్డ్‌కి పెనమూ ఇనప గరిటా తెచ్చుకుని బాదింది. తర్వాత డాడ్జర్స్ ఆటగాళ్ళే ఆమెకి ఇత్తడి గంట ఇచ్చారు. 1957 సీజన్ అవగానే జట్టు లాస్ ఏంజెలెస్‌కి వెళ్ళిపోయింది, 1960లో స్టేడియం కూల్చేశారు. 1978లో ఆమె పోయినప్పుడు పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పేదలకి ఉచితంగా అంత్యక్రియలు చేసే యూదు సంస్థ ఖననం చేసింది. అభిమానుల కోసం 2001లో మొదలైన హిల్డా అవార్డు ఆమె పేరు మీదే. జట్టు ఊరొదిలితే అభిమాని జ్ఞాపకానికి దిక్కు ఉండదని ఆమె కథ చెబుతోంది. చిన్న లీగుల్లో జట్లు మూతపడటం మామూలే కాబట్టి మీ కాగితాలు దీన్ని దృష్టిలో పెట్టుకునే రాసుకోవాలి. ఆ సంగతి కింద చెబుతాను.

మొదటి వారం చేయాల్సింది ఒకటే, కుటుంబంతో మాట్లాడటం. వాళ్ళ తరఫున ఒక్కరు, మీ తరఫున ఒక్కరు. నలుగురు నాలుగు ఫోన్లు చేస్తే ఆ ఇంట్లో అన్నదమ్ములకి ఒకే మాట నాలుగు రకాలుగా చేరుతుంది, గొడవలు అక్కడే మొదలవుతాయి. మూడు అనుమతులు రాతలో తీసుకోండి: పేరు వాడుకోవడానికి, ఫొటో వాడుకోవడానికి, గంట ప్రదర్శనకి పెట్టడానికి. ఒహాయో చట్టంలో మనిషి పేరు, రూపం మీద హక్కు చనిపోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. ఆయన బొమ్మతో టీ షర్టులు వేసి అమ్మాలంటే, లాభం మొత్తం ధర్మానికే వెళ్ళినా సరే, ముందు సంతకం ఉండాలి. ఫొటో హక్కు తీసినవాళ్ళది. ఊరి పత్రికలో వచ్చిన బొమ్మ అయితే పత్రికనే అడగాలి, కుటుంబం ఒప్పుకుంటే సరిపోదు.

ఇక తొలి ఆట రోజు మౌనం. 7:05కి ఆట మొదలైతే కార్యక్రమం 6:52కి మొదలుపెట్టి 6:58కల్లా ముగించండి. ఆ వెంటనే జాతీయ గీతం. ఇది ఒక్క నిమిషం జారినా నష్టం రెండు జట్లలో బంతి విసిరే పిచర్లకి. వాళ్ళు ఆటకి ఇరవై, ఇరవై ఐదు నిమిషాల ముందునుంచి లెక్కగా చేయి వేడి చేసుకుంటారు, మీ ఉపన్యాసం సాగితే ఆ వేడి చల్లారిపోతుంది. అందుకే అంపైర్లకి, అవతలి జట్టు మేనేజర్‌కి ముందురోజే సమయాలు రాసి పంపండి. అనౌన్సర్ చదివేది ముప్పై, ముప్పై ఐదు సెకన్లు మించకూడదు. పేరు ఎలా పలకాలో కుటుంబంలో ఒకరిచేత ఫోన్‌లో రికార్డు చేయించి అనౌన్సర్‌కి ఇవ్వండి. మౌనం 20 సెకన్లు చాలు. నిమిషం పెడితే చిన్న స్టేడియంలో నలభయ్యో సెకనుకి ఎవరో దగ్గుతారు, ఎవరి ఫోనో మోగుతుంది, బయట పాప్‌కార్న్ యంత్రం చప్పుడు స్పష్టంగా వినపడుతుంది.

ఇలాంటి కార్యక్రమాలు చెడేది ఎక్కువగా ఒక్కచోటే: సౌండ్ బూత్‌లో వాణిజ్య ప్రకటనలు, ఆటగాళ్ళ పాటలు వరసలో పెట్టి వదిలేస్తారు. మౌనం మధ్యలో టైర్ల దుకాణం ప్రకటన మోగుతుంది. ఆ పది నిమిషాలు ఆటోమేటిక్ వరస ఆపేసి ఒక మనిషి చేత్తో నడపాలి. అనౌన్సర్, సౌండ్ మనిషి, మైదానంలో ఉండే మీవాళ్ళు కలిసి ముందురోజు ఒక్కసారి రిహార్సల్ చేస్తే చాలు.

జీవితమంతా చప్పుడు చేసిన మనిషికి ఒట్టి మౌనంతో సరిపెట్టడం నాకు నచ్చదు. మౌనం ముగిసిన వెంటనే గంట మోగాలి. ఆయనే మోగించిన పాత రికార్డు కోసం జట్టు ఆన్‌లైన్ ప్రసారాల్లో వెతకండి. వ్యాఖ్యాతలు మాట్లాడని చోట పది సెకన్లు దొరికినా చాలు. దొరక్కపోతే కుటుంబంలో ఒకరు అసలు గంటనే మైక్ దగ్గర మోగించాలి. మైక్‌ని గంటకి కనీసం ఒక మీటరు దూరంలో పెట్టి లెవెల్ ముందే తగ్గించండి. లోహపు గంట మొదటి దెబ్బ చాలా పదునుగా ఉంటుంది, మాటలకి పెట్టిన లెవెల్‌లోనే వదిలేస్తే స్పీకర్లు చిరిగినట్టు బరబరమంటాయి.

తర్వాత నుంచి గంట ఎవరు కొట్టాలన్నది అన్నిటికన్నా సున్నితమైన ప్రశ్న. ఇందులో రెండు రకాల అభిమానులున్నారు. న్యూయార్క్ యాంకీస్ అభిమాని ఫ్రెడ్డీ షూమన్ మూడాకుల గుర్తు వేసిన పెనమూ గరిటా పట్టుకుని స్టేడియమంతా తిరుగుతూ, ఎదురైనవాళ్ళందరికీ గరిటె ఇచ్చి కొట్టించేవాడు. 2010 అక్టోబరు 17న 85 ఏళ్ళకి పోతే, మర్నాడు ప్లేఆఫ్ ఆటకి ముందు యాంకీస్ మౌనం పాటించారు. ఆయన చప్పుడు అందరిదీ. అలాంటి పెనాన్ని వంతులవారీగా తిప్పినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఆడమ్స్ డ్రమ్ అలా కాదు, అది ఆయన చేతిలోనే ఉండేది. మీ పెద్దాయన గంట పక్కవాళ్ళ చేతికిచ్చేవారా, ఇవ్వరా? జవాబు దానిలోనే ఉంది. ఇవ్వనివారైతే మొదటి సీజన్‌లో ఆ చోట ఇంకెవరూ గంట పట్టుకోకపోవడమే మర్యాద. పోటీ పెట్టి కొత్త గంట మనిషిని ఎంపిక చేద్దామనే ఆలోచన తప్పక ఎవరో ఒకరు తెస్తారు. ఈ ఏడు వద్దని చెప్పేయండి.

ఎవరు కొట్టినా సరే, ఆయన పద్ధతి ముందు రాసి పెట్టుకోండి. ఆడమ్స్ అయినదానికీ కానిదానికీ డ్రమ్ బాదలేదు. రెండో బేస్ మీదో మూడో బేస్ మీదో మనవాడు ఉన్నప్పుడు, ఆఖరి ఇన్నింగ్స్‌లలో ఆట సమంగా ఉన్నప్పుడు లేదా వెనకబడ్డప్పుడు, అంటే పరుగు రాబోతోందన్న ఆశ పుట్టినప్పుడు మోగేది. అందుకే జనం ఆ చప్పుడు వినగానే నిటారుగా కూర్చునేవారు. మీ పెద్దాయన పక్క బెంచీల్లో కూర్చున్న నలుగురైదుగురిని విడివిడిగా అడగండి: ఎప్పుడు మొదలుపెట్టేవారు, ఎన్ని దెబ్బలు, ఏ లయ, పిచర్ కదలడం మొదలెట్టగానే ఆపేసేవారా? అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే గొంతున్నవాళ్ళ మాటే నిలుస్తుంది. విడిగా చెప్పినవాటిలో కలిసిన అంశాలే నమ్మండి. ఆ ఒక్క పేజీ మీరు వేయించే ఏ ఫలకం కన్నా విలువైనది, ఎందుకంటే ఆ పక్కవాళ్ళూ వయసు మళ్ళినవాళ్ళే.

అందరికీ చిన్న గంటలు పంచుదామనుకుంటే ఒక్క జాగ్రత్త. ఫ్లోరిడాలో టాంపా బే రేస్ అనే జట్టు స్టేడియంలో గంటలు మోగించే అలవాటు చాలాకాలంగా ఉంది. అక్కడ కూడా అవతలి బ్యాటర్‌కి రెండు స్ట్రైకులు పడి, ఇంకొక్కటి పడితే అవుటయ్యేటప్పుడు లాంటి సందర్భాలకే పరిమితం. నియమం లేకుండా మూడు వందల గంటలు పంచితే రెండో ఇన్నింగ్స్‌కే పిల్లలు ఆపకుండా వాయిస్తారు, ఇళ్ళు దగ్గరగా ఉంటే ఫోన్లు కూడా వస్తాయి. పైగా లోహపు వస్తువు, ఓడిపోయిన రోజు మైదానంలోకి విసిరితే ప్రమాదం. ఎప్పుడు మోగించాలో రాసిన చీటీ గంటకి కట్టి, ఆట అయ్యాక గేటు దగ్గర ఇస్తే ఈ చిక్కులు సగం తగ్గుతాయి. ఆయన రూపంలో తల ఊపే బొమ్మలు పంచే ఆలోచన ఈ ఏడాదికి వదిలేయండి. నమూనా ఖాయం చేసి, ఫ్యాక్టరీలో చేయించి, ఓడలో రప్పించాలంటే నెలలు పడుతుంది.

జెర్సీ ప్యాచ్ గురించి పెద్దగా చెప్పను. లీగ్ అనుమతి కావాలి, ఎంబ్రాయిడరీకి మూడు నాలుగు వారాలు, పాలిస్టర్ చొక్కాల మీద వేడితో అంటిస్తే చొక్కా రంగు ప్యాచ్‌లోకి ఎక్కుతుంది కాబట్టి కుట్టించాలి. హెల్మెట్ వెనక అంగుళమున్నర వినైల్ స్టిక్కర్ అయితే వారంలో వస్తుంది. అది చాలు.

చోటు సంగతి. సీజనంతా ఖాళీగా ఉంచుతామని చాలామంది ఉద్వేగంలో మాటిచ్చేస్తారు. మొదటి వారం అక్కడ పూలుంటాయి. మూడో వారానికి వేరుశనగ తొక్కలూ, పక్కవాళ్ళ సంచులూ చేరతాయి. ఐదో వారంలో సంగతి తెలియని కుటుంబం వచ్చి కూర్చుంటుంది, ఎవరో వాళ్ళ మీద కేకలేస్తారు. తొలి ఆటకో, ఊళ్ళో జరిగే మొదటి మూడు నాలుగు ఆటలకో ఖాళీగా ఉంచి, గంట ఫొటోనో ఆయన టోపీనో అక్కడ పెట్టండి. టికెట్ల సాఫ్ట్‌వేర్‌లో ఆ సీటుని అమ్మకానికి రాకుండా ఆపడం మరవకండి. నోటిమాట మీద వదిలేస్తే ఆన్‌లైన్‌లో అమ్ముడైపోతుంది. ఆ తర్వాత గుర్తు పెట్టి మళ్ళీ మనుషుల్ని కూర్చోనివ్వండి. బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో అక్కడి ఆటగాడు టెడ్ విలియమ్స్ 1946 జూన్ 9న కొట్టిన 502 అడుగుల హోమ్ రన్ (క్రికెట్ సిక్సర్ లాంటిది) పడ్డ చోట, పచ్చటి కుర్చీల మధ్య ఒకే ఒక్క ఎర్ర కుర్చీ ఉంటుంది. దానికీ మామూలుగానే టికెట్ అమ్ముతారు. గుర్తుకి గుర్తు, చోటుకి చోటు. మీకు ఇంకొంచెం చేయాలనుంటే ఆ సీటుని ప్రతి ఆటకీ ఊళ్ళో ఒక బడి పిల్లకో పిల్లాడికో ఇవ్వండి. టికెట్ విలువ తప్ప ఖర్చు లేదు.

ఫలకం బిగించడంలో చేసే పొరపాటు ఒక్కటే, కానీ దాదాపు అందరూ చేస్తారు: అల్యూమినియం బెంచీకి కంచు ఫలకాన్ని నేరుగా స్క్రూలతో బిగించేస్తారు. రెండు వేరు లోహాలు తడిలో తగులుకుని ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది. మీ దగ్గర చలికాలంలో మెట్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లితే ఇంకా వేగంగా. కొన్నాళ్ళకి ఫలకం చుట్టూ తెల్లటి పొడి కడుతుంది, స్క్రూ రంధ్రాలు వదులవుతాయి, ఫలకం ఊగుతుంది. కంచే కావాలంటే వెనక పలచటి నియోప్రీన్ రబ్బరు పొర, ప్రతి స్క్రూకీ రంధ్రంలోకి దిగే అంచున్న నైలాన్ వాషర్, 316 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు. లోహం లోహాన్ని ఎక్కడా తాకకూడదు. డబ్బు తక్కువ కాబట్టి నా సలహా అనోడైజ్ చేసిన, అంటే పైన గట్టి రక్షణ పొర కట్టించిన, అల్యూమినియం ఫలకం. ఒకే లోహం, ఈ తంటా ఉండదు, ధరా తక్కువ.

2 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల పొడవు చాలు. కూర్చునే భాగం మీద పెట్టకండి. ఎండకి కాలుతుంది, అంచుకి బట్టలు పట్టుకుంటాయి, పైగా ఆయన పేరు మీద కూర్చోవడం ఎవరికీ బాగుండదు. వీపు ఆనించే పలక ఉంటే దాని వెనక వైపు పెట్టండి, వెనక వరసవాళ్ళకి కనిపిస్తుంది. లేకపోతే బెంచీ ముందు అంచున. బెంచీలు సాధారణంగా లోపల గుల్లగా ఉండే పట్టీలు, మామూలు స్క్రూకి పట్టు దొరకదు. ఒక వైపు నుంచే బిగించగలిగే పాప్ రివెట్లు వాడండి, లేదా రెండు వైపులా గట్టిగా అంటుకునే వీహెచ్‌బీ టేపు. టేపు అయితే సగం నీళ్ళు సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, 10 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజున గట్టిగా నొక్కి అంటించాలి. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు. ఆట రోజు పొద్దున అంటించే ఫలకం సాయంత్రానికి ఎవరో పిల్లాడి గోటికి లేస్తుంది. రంధ్రం చేసే ముందు స్టేడియం ఎవరిదో చూసుకోండి. ఎక్కువచోట్ల అది నగర పార్కుల శాఖదే, జట్టు అద్దెకి ఉంటుంది. జట్టు మేనేజర్ సరేనన్నంత మాత్రాన బెంచీకి చిల్లు పెట్టే హక్కు రాదు.

గంటని ఎండ పడే వరండాలో కాకుండా, తాళమున్న అక్రిలిక్ పెట్టెలో, లోపలి గోడకి పెట్టండి. మెరుగు పెట్టించకండి. పిడి దగ్గర నున్నగా అరిగిన భాగం, లోపల నాలుక తగిలి పడ్డ సొట్టలు, అవే ఆయన చేతి గుర్తులు. పాలిష్‌తో మొదట పోయేవి అవే. ఒట్టి చేత్తో పట్టుకుంటే చెమట ఉప్పుకి వేలిముద్రలు నల్లగా అచ్చుపడతాయి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. కాగితం మీద అది దానమా, అరువా తేల్చుకోండి. నేనైతే అరువే అంటాను: మూడేళ్ళకి, మళ్ళీ పొడిగించుకునేలా, జట్టు మూతపడినా ఊరు మారినా 30 రోజుల్లో కుటుంబానికి తిరిగి చేరాలని ఒక వాక్యంతో. బ్రుక్లిన్ సంగతి ఎందుకు చెప్పానో ఇక్కడికి తెలుస్తుంది.

అస్థికలు. మనకి నదిలో కలపడం అలవాటు కాబట్టి మైదానంలో చల్లడం అంత పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. కానీ దహనం తర్వాత మిగిలేది రెండు మూడు కిలోల ఎముకల పొడి. అందులో క్షారం, ఉప్పు చాలా ఎక్కువ. ఒకచోట పోస్తే గడ్డి మాడి తెల్ల మచ్చ కడుతుంది. బేస్‌ల మధ్య ఉండే ఇన్‌ఫీల్డ్ మట్టిలో చల్లితే ఆట మధ్యలోనే ఆ మట్టిని వలతో ఈడ్చి చదును చేస్తారు, చల్లింది కుర్రాళ్ళ బూట్లకీ చీపుర్లకీ చేరుతుంది. పిల్లలకి ఈ మాట మెత్తగా, కానీ ఉన్నదున్నట్టు చెప్పండి. స్థలం యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా చేయకూడదు, చాలా స్టేడియాలు ఒప్పుకోవు. మీరు కాదంటే రాత్రిపూట గోడ దూకి చల్లేవాళ్ళూ ఉంటారు, అందుకే కాదన్న వెంటనే చేతిలో ఇంకోటి పెట్టాలి: తొలి ఆట రోజు మూడో బేస్ పక్క మట్టి ఒక చిన్న గాజు సీసాలో తీసి, తేదీ రాసి ఇవ్వండి. ఆ కుటుంబం దాన్ని అస్థికల పక్కనే పెట్టుకోవచ్చు, పాతిపెడితే ఆ గోతిలో వేసుకోవచ్చు.

వారాల లెక్క చెబితే: మొదటి వారం కుటుంబం, స్థలం యజమాని. రెండో వారం పక్క బెంచీలవాళ్ళ దగ్గర వివరాలు, పాత ప్రసారాల వెతుకులాట. మూడో వారం చివరికి ఫలకం ఆర్డర్ వెళ్ళిపోవాలి. చెక్కే ముందు సరిచూసుకోవడానికి వచ్చే నమూనాలో (ప్రూఫ్) పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు కుటుంబంలో ఇద్దరు విడివిడిగా చూసి సంతకం పెట్టాలి. అక్షరం తప్పుపడితే దిద్దడం కుదరదు, మళ్ళీ చేయించడమే. ఆరో వారంలో ఎండ ఉన్న రోజు చూసి బిగించండి. వచ్చే మార్చిలో, మంచు పోయాక, రివెట్లు వదులయ్యాయేమో ఒకసారి తట్టి చూడండి.